పెన్నేటి ఇసుకలో సముద్రానికీ వాటా ఉంది!

బుచ్చిరెడ్డిపాలెం మండల ప్రజలారా!

కోతకు గురయ్యే బీచ్‌ల్లో ప్రభుత్వ ఖర్చుతో ఇసుక పోయడం మేలా, దండగా? మన ఊరికి సముద్రం లేదు గదా, ఆ గొడవ మనకెందుకు అనుకోవద్దు. నెల్లూరు తీరానికి చేరాల్సిన ఇసుక మన ఏట్లోంచే పోవాలి.

చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 వరకు లెక్కగట్టింది. ఆంధ్రప్రదేశ్ తీరం 1,027 కిలోమీటర్లలో 28.7 శాతం కోతలో ఉంది.

పెన్నాకు పెద్ద వరదలు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లోనే వస్తాయి. ఊటుకూరు దగ్గర ఏరు తెచ్చి పోసిన ఇసుకను ఈశాన్య రుతుపవనాల అలలు దక్షిణాన మైపాడు వైపు, నైరుతి కాలంలో అలలు ఉత్తరానికి జరుపుతాయి. కానీ ఏరు తేవాల్సిన ఇసుకలో కొంత ఎగువన సోమశిల జలాశయంలోనే ఆగిపోతోంది. మిగిలినదాంట్లో కొంత లారీలు తోలుకుపోతున్నాయి. జొన్నవాడ దగ్గర ఏట్లో దిగి గుప్పెడు ఇసుక తీసి చూడండి. ముతకగా, బరువుగా ఉంటుంది. తీరాన నిలిచేది అలాంటి ఇసుకే. సన్న ఇసుక, బురద తెచ్చి పోస్తే పెద్ద తుఫాను రాగానే కొట్టుకుపోతాయి.

విశాఖను చూడండి. 1970ల్లో కట్టిన ఔటర్ హార్బర్ ఉత్తరానికి పోయే ఇసుకకు అడ్డుపడింది. అప్పటి నుంచి డ్రెడ్జర్లతో తోడిన ఇసుకను ఆర్కే బీచ్ వైపు పోస్తూనే ఉన్నారు. అయినా 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత బీచ్ బాగా కోసుకుపోయింది. ఒకసారి పోసి చేతులు దులుపుకునే పని కాదిది. మొదలుపెడితే ఖర్చు ఏటా ఉంటుంది.

అలాగని గోడలు కట్టమనడం లేదు. ఉప్పాడలో రాళ్లు వేశారు, జియో ట్యూబులు వేశారు. అవి దెబ్బతిన్నాయి, కోత ఆగలేదు. మన తీరాన పట్టపుపాళెం మత్స్యకారులు పడవ ఒడ్డుకు లాగాలన్నా, వల ఆరేయాలన్నా ఇసుకే కావాలి. కాబట్టి ఇసుక పోయడం తప్పు కాదు. ఆ ఇసుక ఎక్కడిది, డబ్బు ఎవరిది అని అడగకుండా పోయడం తప్పు.

ఇళ్లు కట్టుకోవడానికి ఇసుక వద్దా అంటారు. కావాలి. కానీ వరద తెచ్చినదాని కంటే ఎక్కువ తవ్వితే ఏరు లోతుకు దిగుతుంది, ఒడ్డున మన బోర్లూ ఎండుతాయి. వర్షాకాలానికి ముందు, తర్వాత ఇసుక రేవులు కొలిచి ఎంత ఇసుక చేరిందో తేల్చాలని కేంద్ర పర్యావరణ శాఖ 2020 మార్గదర్శకాల్లోనే ఉంది.

మన డిమాండ్లు:

1. పెన్నా రేవుల కొలతలు గ్రామసభలో చదివి వినిపించాలి. ఏటా చేరిన ఇసుకలో కొంత సముద్రం వాటాగా ముట్టకుండా వదలాలి.

2. కృష్ణపట్నం, రామాయపట్నం, జువ్వలదిన్నెల్లో బ్రేక్‌వాటర్ల దక్షిణాన పేరుకునే ఇసుకను ఉత్తరానికి తరలించి పోయాలి. ఆ ఖర్చు పోర్టులు, హార్బర్ల యాజమాన్యాలే భరించాలి.

3. ఈ రెండూ జరిగాకే, ఇళ్లకు ముప్పున్న చోట మాత్రమే ప్రజల డబ్బుతో ఇసుక పోయాలి. అందుకోసం ఏటిని తవ్వకూడదు.

వచ్చే గ్రామసభలో ఈ మూడింటినీ తీర్మానంగా రాయించండి. సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. మీ వార్డు సభ్యుణ్ని, సర్పంచిని, నగర పంచాయతీ కౌన్సిలర్‌ను వెంటబెట్టుకుని వెళ్లండి.

సముద్రం వాటా లారీ ఎక్కనివ్వం!
పోర్టు ఆపిన ఇసుకకు పోర్టే లెక్క చెప్పాలి!