పథ్యం చెప్పేవారు మన పల్లెల నుంచీ రావాలి

షుగరు ఉందని తేలిన గోండు రైతు చేతికి ఓట్స్, ఆలివ్ నూనె అని రాసిన కాగితం ఇస్తే అది ఆయనకు అక్కరకు రాదు. జొన్న గట్క ఎంత తినాలో, ఏ పూట తినాలో ఆయన మాటల్లో చెప్పేవారు కావాలి. రంజాన్ ఉపవాసాల్లో మందు వేళలు, తిండి వేళలు కుదర్చాలన్నా, ఎండుచేపల ఉప్పు గురించి బీపీ ఉన్న మత్స్యకారుల ఇంట్లో నచ్చజెప్పాలన్నా అంతే. ఆ వంటిళ్లలో పెరిగిన పిల్లలు డైటీషియన్లయితే ఈ పని ఎంతో తేలికవుతుంది.

1918లో కూనూరులో పుట్టిన జాతీయ పోషకాహార సంస్థ 1958 నుంచి హైదరాబాదులోనే ఉంది. అది 2017లో వెలువరించిన పట్టికల్లో 528 ఆహార పదార్థాల పోషక విలువలు ఉన్నాయి. విజ్ఞానం ఇంత దగ్గరలో ఉన్నా, డైటెటిక్స్ అనే చదువు ఒకటుందని గురుకులాల పిల్లల్లో చాలామందికి చెప్పేవారు లేరు. అది ఆడపిల్లల చదువన్న అపోహ మగపిల్లల్ని దూరంగా ఉంచుతోంది. ఇది అన్యాయం.

అధ్యాపకులకు మా విన్నపం: ఇంటర్ సైన్స్ విద్యార్థులకు, ముఖ్యంగా తమ ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవారికి, ఈ కోర్సుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి ఈ ఏడాదే చెప్పండి.