చిలుక కొరికిన వైరు ఎవరి ప్రాణం మీదికి వస్తుంది?

మన నగరాల అపార్టుమెంట్లలో ఇటీవల పక్షుల పెంపకం బాగా పెరిగింది. పిల్లలు మారాం చేస్తున్నారని కొందరు, బిడ్డలు విదేశాలకు వెళ్లిపోయి ఇల్లు బోసిపోయిందని మరికొందరు కాకటీళ్లను, బడ్జీలను, సన్ కన్యూర్లను తెచ్చుకుంటున్నారు. పంజరం తలుపు తీసి గదిలో వదిలిన కొద్ది రోజులకే సెల్‌ఫోను ఛార్జరు వైరు తెగుతుంది. తరువాత టీవీ వెనుక తీగ వంతు వస్తుంది. అప్పుడు తెలిసినవారి నుంచి నాకు ఫోను వస్తుంది: "డాక్టరుగారూ, ఈ పక్షి వైర్లు కొరకకుండా ఏం చేయాలి?" నేను పశువైద్యుడిని కాను, మనుషుల డాక్టరును. అయినప్పటికీ ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత నాకూ ఉన్నదని భావిస్తున్నాను. ఎందుకంటే పక్షి కొరికి వదిలిన వైరు ఆ పక్షితోనే ఆగదు. దాని తరువాత ఆ వైరును తాకేది మనిషి.

అసలు విషయంలోకి వెళ్లే ముందు ఒక మాట చెప్పాలి. మన చెట్ల మీద తిరిగే పచ్చని రామచిలుకను పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. తాతల కాలం నుంచి పెంచుతున్నామన్న సమాధానం చెల్లదు. కనుక ఇక్కడ నేను చెప్పేదంతా విదేశీ జాతుల పక్షుల గురించి మాత్రమే. వాటిలోనూ కొన్నింటిని ప్రభుత్వం వద్ద నమోదు చేయించవలసి ఉంటుంది. మన ఊళ్లలో 'లవ్ బర్డ్స్' పేరుతో అమ్ముతున్నవి చాలావరకు ఆస్ట్రేలియా బడ్జీలేనన్నది వేరే సంగతి.

చిలుక వైరును ఎందుకు కొరుకుతుంది? అల్లరి వల్ల కాదు, మన మీద కోపంతోనూ కాదు. చిలుక జాతి పక్షులలో అత్యధిక భాగం చెట్టు తొర్రలలో గూడు పెట్టేవే. తొర్రను తొలిచి, అంచులు చెక్కి, వెడల్పు చేసుకోవడానికి ప్రకృతి ఇచ్చిన పనిముట్టు ఆ ముక్కు. అది మన గోళ్లవలె జీవితాంతం పెరుగుతూనే ఉంటుంది. చెట్టెక్కేటప్పుడు మూడవ కాలుగా, గింజ ఒలిచేటప్పుడు చేతిగా ఉపయోగపడేదీ అదే. అటువంటి జీవిని నున్నని గోడలు, గాజు తలుపులు, టైల్సు నేల ఉన్న గదిలో ఉంచితే, పంటికింద మెత్తగా నలిగే వస్తువు దానికి ఆ గదిలో ఒక్కటే దొరుకుతుంది. అది వైరు పైనున్న ప్లాస్టిక్ తొడుగు. పక్షికి పళ్లు లేవు కదా అని ఎవరూ ఆక్షేపించకండి, మాటవరుసకు అన్నాను.

ఇక జనం చేస్తున్న చికిత్సలు చూద్దాం. అన్నిటికంటే ప్రసిద్ధమైనది వైరుకు కారం పూయడం. ఇది చెప్పేవారిని చూస్తే నాకు నవ్వు వస్తుంది. చిలుకకు పండుమిరపకాయ పెట్టడం తెలుగు ఇళ్లలో ఎవరు ఎరుగరు? మనకు మంట పుట్టించే క్యాప్సైసిన్ అనే పదార్థం పక్షుల నరాలను ఏమీ చేయలేదు. మిరప మొక్క తన విత్తనాలను పక్షుల ద్వారానే వ్యాపింపజేసుకుంటుంది. కనుక కారం పూసిన వైరు చిలుకకు తాళింపు వేసిన వైరు వంటిది. చేదు మందు చల్లడం కూడా అంతగా పనిచేయదు. మన నాలుకకు రుచి మొగ్గలు వేలల్లో ఉంటే, చిలుకకు కొన్ని వందలే ఉంటాయి. గట్టిగా అరిస్తే ఇంకా ప్రమాదం. తాను వైరు పట్టగానే ఇల్లంతా కదిలి వస్తున్నదని గ్రహించి, మీరు కావలసినప్పుడల్లా అదే పని చేస్తుంది.

రెక్కలు కత్తిరించమని సలహా ఇచ్చేవారూ ఉన్నారు. నేను దీనిని గట్టిగా వ్యతిరేకిస్తాను. జాలి గురించి తరువాత మాట్లాడుకోవచ్చు, ముందు లెక్క చూడండి. ఎగరలేని పక్షి నేల మీద నడుస్తుంది. మన ఇళ్లలో వైర్లు ఉండేది ఎక్కడ? నేల మీదనే, సోఫా వెనుక, ఫ్రిజ్ కింద, కంప్యూటరు బల్ల కాళ్ల మధ్య. ప్రమాదం నుంచి తప్పిస్తున్నామనుకుని దానిని ప్రమాదం ఉన్న ఎత్తుకే దించుతున్నాము.

వీధిలో కరెంటు తీగ మీద పక్షులు హాయిగా కూర్చుంటాయి కదా, ఇంట్లో వైరు వాటినేం చేస్తుందని పిల్లలు అడుగుతుంటారు. మంచి ప్రశ్న. వీధి తీగ మీద కూర్చున్న పక్షి రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉంటాయి. కనుక దాని ఒంటిలో చెప్పుకోదగ్గ కరెంటు ప్రవహించదు. ఇంటి వైరులో మాత్రం ఫేజు, న్యూట్రలు తీగలు రెండూ ఒకే తొడుగులో పక్కపక్కనే ఉంటాయి. చిలుక ముక్కు ఒక్క నొక్కుతో రెండింటినీ కలుపుతుంది. 230 వోల్టులు ఆ చిన్న తల గుండా పోతాయి. కొన్ని గ్రాముల బరువున్న ప్రాణి ఎంతసేపు తట్టుకోగలదో చెప్పనక్కరలేదు. షాకు తప్పినా విషం ఉండనే ఉన్నది. తీగ చివర అతుకుల వద్ద సీసం ఉండవచ్చు, పాతకాలపు ప్లాస్టిక్ తొడుగులలోనూ సీసపు లవణాలు ఉండేవి. సీసం చిలుకలకు చాలా తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం.

ఇప్పుడు మనుషుల సంగతికి వస్తాను. పక్షి అదృష్టవశాత్తు ఒక తీగ పైపొరను మాత్రమే చీల్చి ఎగిరిపోయిందనుకుందాం. రాగి తీగ అరంగుళం బయటపడి ఉన్నది. ఎవరూ గమనించలేదు. మరునాడు ఉదయం ఇల్లు తుడిచే ఆమె చెప్పులు లేకుండా, తడి చేతితో, తడి నేల మీద సోఫా కిందికి చేయి పోనిస్తుంది. పొడిగా ఉన్న మన చర్మం కరెంటును బాగానే నిరోధిస్తుంది. ఆ నిరోధం ఒక్కొక్కరిలో లక్ష ఓముల దాకా ఉండవచ్చు. అప్పుడు ఒంటిలో పోయే కరెంటు రెండు మిల్లీ ఆంపియర్లకు కొంచెం ఎక్కువ. చురుక్కుమని చేయి వెనక్కి తీసుకుంటాము. తడిసిన చర్మంలో అదే నిరోధం సుమారు వెయ్యి ఓములకు పడిపోతుంది. 230 వోల్టులను వెయ్యితో భాగించి చూడండి, 230 మిల్లీ ఆంపియర్లు వస్తాయి. పది దాటితే పట్టుకున్న చేయి వదలడం కష్టం, ముప్పై దాటితే ఊపిరి ఆడడం కష్టం, వంద దాటితే గుండె లయ తప్పి ఆగిపోయే ప్రమాదం ఎక్కువ. పక్షి మనది, వైరు మనది, పోయే ప్రాణం మాత్రం నెలజీతానికి వచ్చిన ఆమెది. ఈ కారణం చేతనే నేను దీనిని పక్షి పెంపకానికి సంబంధించిన చిన్న చిక్కుగా చూడలేకపోతున్నాను.

ఆమె తరువాత వరుసలో ఉన్నది నేల మీద పారాడే బిడ్డ. దొరికిన ప్రతి వస్తువునూ నోట పెట్టుకోవడంలో పదినెలల పసివాడికి, చిలుకకు భేదం లేదు. వైరు కొరికి పెదవి మూల కాలిన పసిపిల్లలను ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన ఏ వైద్యుడైనా చూసి ఉంటాడు. ఆ గాయం మొదటి రోజు చూడడానికి చిన్నదిగా, తెల్లగా, రక్తం లేకుండా ఉంటుంది. తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకుని ఇంటికి తీసుకుపోతారు. అయిదవ రోజు నుంచి పద్నాలుగవ రోజు లోపల ఆ మాడిన పొర ఊడినప్పుడు పెదవి ధమని నుంచి రక్తం ధారగా రావచ్చు. అప్పుడు భయపడి గుడ్డలు కుక్కకుండా, పెదవిని లోపలి నుంచి, బయటి నుంచి రెండు వేళ్ల మధ్య గట్టిగా నొక్కి పట్టుకుని ఆసుపత్రికి రావాలి. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకున్నా చాలు.

"మా ఇంట్లో ఎంసీబీలు ఉన్నాయి, తేడా వస్తే పడిపోతాయి" అని చాలామంది ధీమాగా ఉంటారు. ఎంసీబీ కాపాడేది వైరింగును, మనిషిని కాదు. ఆరు ఆంపియర్ల ఎంసీబీ అంటే ఆరువేల మిల్లీ ఆంపియర్లు. మనిషి ప్రాణం పోవడానికి అందులో అరవయ్యవ వంతు చాలు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ అనే వేరొక పరికరం. వెళ్లిన కరెంటు, తిరిగివచ్చిన కరెంటు సమానంగా లేకపోతే, అంటే కొంత భాగం మనిషి ఒంటి గుండా భూమిలోకి పోతుంటే, అది గ్రహించి సెకనులో చిన్న భాగంలోనే సరఫరా ఆపివేస్తుంది. ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల రకం పెట్టించుకోవాలి. పక్షికీ పంజరానికీ పెట్టిన ఖర్చుతో పోల్చితే చాలా ఇళ్లలో ఇది పెద్ద ఖర్చేమీ కాదు. అద్దె ఇళ్లలో ఇది యజమాని పెట్టించవలసినది. గోడలకు రంగులు వేయించమని అడిగేవారు దీనిని అడగకపోవడం నాకు ఆశ్చర్యం కలిగిస్తుంది. పెట్టించిన తరువాత నెలకొకసారి దాని మీద ఉన్న టెస్ట్ బటన్ నొక్కి పడుతున్నదో లేదో చూసుకోవాలి.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఆర్‌సీసీబీ చిలుకను కాపాడుతుందని అనుకోకండి. కర్ర మీద కూర్చున్న చిలుక ఫేజునూ న్యూట్రలునూ కలిపి కొరికితే కరెంటు ఒక తీగలో వచ్చి రెండవ తీగలో పోతుంది. భూమిలోకి ఏమీ పోదు కనుక ఆ పరికరానికి తేడా కనిపించదు. కనుక పక్షికి వైరు అందకుండా చేయడం ఒక్కటే మార్గం.

అందకుండా చేయడమంటే ప్రతి వైరునూ దాచడం కాదు, ముందు వేటిని దాచాలో తెలియాలి. ఛార్జరు పెట్టె దాటి ఫోనుకు వెళ్లే సన్నని వైరులో ఉండేది కొద్ది వోల్టులే. అది తెగితే డబ్బు నష్టం, తీగ ముక్క మింగితే పక్షికి అపాయం, అంతవరకే. గోడ ప్లగ్గు నుంచి నేరుగా వస్తువుకు వెళ్లేవి, అంటే ఫ్రిజ్, టీవీ, టేబుల్ ఫ్యాను, వాషింగ్ మెషిన్, ఎక్స్‌టెన్షన్ బోర్డు వైర్లే అసలు శత్రువులు. గోడ వెంట పోయే వాటికి ప్లాస్టిక్ పట్టీ కేసింగు వేయించండి. వేలాడే వాటిని గట్టి ఫ్లెక్సిబుల్ పైపులో దూర్చండి. మెత్తని పైపైతే చిలుక దానినీ రెండు రోజులలో తేలుస్తుంది. పక్షిని వదిలే గది ఒక్కటే ఉండాలి, ఆ గదిలో వాడని ప్లగ్గులు పీకి ఉంచాలి. స్విచ్ ఆపితే చాలదా అంటే చాలదు. వైరింగు తారుమారైన ఇళ్లలో స్విచ్ న్యూట్రలును మాత్రమే ఆపుతుంది, వైరులో ఫేజు అలాగే ఉంటుంది. కరెంటు పోయింది కదా అనే నమ్మకమూ పనికిరాదు. ఇన్వర్టరు ఇచ్చేదీ 230 వోల్టులే.

దీనితోపాటు పక్షికి కొరికే పని మనమే ఇవ్వాలి. జామ కొమ్మలు, వేప పుల్లలు, వెదురు ముక్కలు, గింజలు ఒలిచిన మొక్కజొన్న కండెలు, తాటాకు, సిరాలేని కాగితం చుట్టలు అన్నీ పనికివస్తాయి. మందు చల్లిన తోటల నుంచి మాత్రం కొమ్మలు తేవద్దు. గన్నేరు కొమ్మ పొరపాటున కూడా పెట్టవద్దు, అది విషం. రోజూ ఒకే కొమ్మ వేలాడదీస్తే చిలుకకు విసుగు పుడుతుంది, మారుస్తూ ఉండాలి. వైరు పట్టుకున్నప్పుడు అరవకుండా, కొమ్మ ముక్క చూపి ఇటు పిలిచి, వచ్చినప్పుడు ఒక గింజ పెట్టండి. ఇది ఓపిక పని, రెండు మూడు వారాలు పడుతుంది. అంత ఓపిక, రోజుకు రెండు గంటల తీరిక లేనివారు చిలుకను తెచ్చుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఉద్యోగాలకు వెళ్లే దంపతులు ఒంటరిగా ఇంట్లో వదిలిన చిలుక వైర్లు కొరకకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఇంత చేసినా ప్రమాదం జరిగితే, పక్షి వైరు మీద పడి ఉన్నా, మనిషి పడి ఉన్నా, ముందు మెయిన్ ఆపండి. ఆపకుండా తాకవద్దు. మనిషి ఊపిరి తీయకపోతే 108కి ఫోను చేయించి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతుకు తగ్గకుండా నొక్కుతూ ఉండండి. స్పృహ తప్పి లేచినవారు, గుండె దడ ఉన్నవారు, గర్భిణులు 'ఇప్పుడు బాగానే ఉన్నాను' అన్నా ఈసీజీ తీయించవలసిందే. పక్షి బతికి ఉంటే నోట్లో నీరు పోయకండి. వెచ్చని, చీకటిగా ఉన్న అట్టపెట్టెలో ఉంచి పశువైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. ఊపిరితిత్తులలో నీరు చేరడం కొన్ని గంటల తరువాత కూడా జరగవచ్చు కనుక, కోలుకున్నట్లు కనిపించినా ఒక రోజు కనిపెట్టి ఉండాలి.

కొరికిన వైరును టేపు చుట్టి మళ్లీ వాడవద్దు, చిలుక ఆ టేపును ముందుగా పీకుతుంది. ప్లగ్గు తీసిన తరువాత దానిని రెండు ముక్కలుగా కత్తిరించి పారవేయండి. కత్తిరించకపోతే, ఎందుకైనా పనికివస్తుందని ఇంట్లో పెద్దవారు ఎవరో ఒకరు దానిని తీసి అటక మీద దాచుతారు.