ఇల్లు కొనినవారు మొదటి సంవత్సరము చేయదగని పని

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పిరి గాని, ఇల్లు కొని చూడుమని చెప్పలేదు. కొనుట యంత కష్టము కాదని వారి యభిప్రాయమై యుండును. పదునెనిమిది యేండ్లు అద్దె యిండ్లలో కాపురము చేసి, పదునైదేండ్లకు తీర్చవలసిన బ్యాంకు ఋణముతో మూడు సంవత్సరముల క్రిందట గుంటూరులో నొక ప్రాత పెంకుటింటిని కొనిన నేను ఆ యభిప్రాయముతో నేకీభవింపజాలను.

నా వాదము చిన్నది. ఇల్లు కొనినవాడు మొదటి సంవత్సరము, ప్రాణాపాయమును తొలగించు పనులు తప్ప, మఱి యే మరమ్మతును చేయింపరాదు. ఆ యింట ఎండను, వానను, చలిని ఒక్కొక్క పర్యాయము చూచిన పిమ్మటనే మేస్త్రిని పిలువవలెను. ఇది పుస్తకములలో చదివి చెప్పు మాట కాదు. డెబ్బదివేల రూపాయలు చెల్లించి నేర్చుకొనిన మాట.

మాకు ఇల్లు అమ్మిన మామ్మగారు అందు నలువది యేండ్లు కాపురము చేసినవారు. తాళపుచెవులు నా చేతి కిచ్చుచు ఆమె యిట్లనిరి. “గోడల జోలికి పోకండి మాస్టరుగారూ. తూర్పు గోడ బీట ఎండలకు తెరుచుకుంటుంది, వానలకు మూసుకుంటుంది. పెరట్లో గుంట ఉందే, వేసవిలో దాంట్లో రోజూ బిందెడు నీళ్ళు పొయ్యండి.” నేను చిఱునవ్వుతో తల యూపితిని. వృద్ధులకు స్వగృహముపై గల మమకార మనుకొంటిని. దస్తావేజులను, ఋణభార పత్రమును, నాలుగు దిక్కుల సరిహద్దులను మాత్రము నాలుగేసి మారులు సరిచూచుకొంటిని. కాగితమున లేని మాటను లెక్కసేయనైతిని.

మొదటి నెలలోనే గోడ లడుగున సున్నము పెచ్చులుగా రాలుట, పిండివంటి తెల్లని ఉప్పు పొడి పైకి తేలుట చూచి నాకు రోత కలిగెను. “ఒక్క వానకాలము ఆగి చూతమండీ” అని నా సహధర్మచారిణి పలికినది. నేను వినక, తాపీమేస్త్రిని పిలిపించి, మూడడుగుల యెత్తున చుట్టును సిమెంటు పూయించితిని. గోడలు నిగనిగలాడెను. ఆ సంతోషము ఆశ్వయుజమువఱకే. చెమ్మ యీసారి నాలుగున్నర అడుగుల యెత్తున, దేవుని వాక్యము వ్రాసిన పటము వెనుక, కనబడెను.

కారణము తరువాత దెలిసినది. ఇటుకలు నేలనుండి నీటిని, దీపపు వత్తి నూనెను పీల్చినట్లు, పైకి పీల్చును. సున్నపు పూత ఆ చెమ్మను గాలిలోనికి పోనిచ్చును. సిమెంటు అట్లు పోనియ్యదు. దారి మూయబడిన నీరు సిమెంటు లేని చోటు వెదకికొని పైకెక్కును. రాలుచున్న ఆ సున్నము రోగము కాదు. గోడ తన్ను తాను కాపాడుకొను విధము. పూసిన సిమెంటును ఉలితో గొట్టించి మరల సున్నము పూయించుటకు మొదటి వ్యయముకంటె నెక్కువయైనది.

తూర్పు గోడ బీట కథయు నిట్టిదే. గుంటూరు పరిసరములందలి నల్లరేగడి నేల తడిసిన నుబ్బును, ఎండిన ముడుచుకొని నెఱ్ఱెలు విచ్చును. దానిపై నిలిచిన గోడ దానితోపాటు కదలక తప్పదు. బీట మిక్కిలి విచ్చుకొనిన వైశాఖమున నేను దానిని సిమెంటుతో బిగియ నింపించితిని. వానలకు నేల యుబ్బినప్పుడు బీటకు మూసుకొనుటకు చోటు లేక, జానెడు దూరమున మఱియొక బీట పుట్టెను.

ఇవి ధనముతో పోయిన తప్పులు. మూడవది యట్లు పోవునది కాదు. పెరటిలోని ఆ గుంట చూచుట కసహ్యముగా నున్నదని దానిపై నొక రాతిపలక పఱపించితిని. మఱుసటి వేసవిలో మా చిన్నపిల్ల వట్టి పాదములతో ఫ్రిజ్జు తలుపు పట్టుకొని, చేయి జిల్లుమన్నదని కేక వేసినది. విద్యుత్తు పనివాడు వచ్చి పలక నెత్తి చూడగా, ఉప్పును బొగ్గును వేసి పూడ్చిన ఎర్తింగు గుంట ఎండి ఇటుకవలె గట్టిపడి యున్నది. చెమ్మ యున్నగాని యా గుంట దారితప్పిన విద్యుత్తును నేలలోనికి చక్కగా గొనిపోజాలదు. అతడు ఫ్రిజ్జులోని దోషమును సవరించి, కరెంటు కారిన తక్షణమే సరఫరాను నిలిపివేయు స్విచ్చు నమర్చి, “అదృష్టవంతులండీ” అని పోయెను. ఆ రాత్రి నాకు నిదుర రాలేదు. బిందెడు నీళ్ళ మాటను ముసలమ్మ చాదస్తమని త్రోసివేసినవాడను నేనే గదా!

శిక్షణ కళాశాలలో మాకు మొదట నేర్పిన పాఠము, బాలుని నెఱుగక బోధింప బూనరాదని. ఇరువది యేండ్లుగా దాని ననుసరించుచునే యున్నాను. గోడవిషయమున నది స్ఫురింపలేదు.

తెనాలిలో కుమారుని యింట నున్న మామ్మగారి యొద్దకు బోయి నా తప్పు చెప్పుకొంటిని. ఆమె కోపింపలేదు. రెండు గంటలు చెప్పిరి. నేనొక పిల్లల నోటుపుస్తకమున వ్రాసికొంటిని. చూరు కారిన చోటనే పెంకు పగిలినదని యెంచరాదట. నీరు వాసము వెంట జాఱి దూరమున చుక్కలగును గనుక, పై వరుసలలో వెదకవలెను. మంగుళూరు పెంకులని మనము పిలుచువానిని 1865లో బాసెల్ మిషనువారు ఆ పట్టణమున చేయ నారంభించిరి. ఒక పెంకు గాడిలో మఱియొకటి కూర్చుండు ఆ యుపాయము నేటికిని మెచ్చదగినదే. కాని గాడిలో వేపాకు కుళ్ళినను, కోతి యొక పెంకును త్రోసినను దాని నేర్పు వ్యర్థము.

ప్రాత యిండ్లను పడగొట్టి క్రొత్తవి కట్టుటయే మేలని నా మిత్రులు కొంద ఱందురు. చెదలు తినిన దూలమును, తొడుగు ఊడిన తీగను ఏడాదిపాటు చూచుచు గూర్చుండుమని నేనును చెప్పను. క్రొత్త యింటికి మాత్రము గుణములుండవా? దాని నెఱిగినవారు ఇంకను లేరు, అంతియే. దస్తావేజున గజములును అంగుళములును వ్రాయుదుము గాని, నీటిగొట్ట మెచ్చట మలుపు తిరుగునో వ్రాయము. అమ్మువారు దస్తావేజుతోపాటు అట్టి కాగిత మొకటి వ్రాసి యిచ్చు నాచారము రావలెనని నా కోరిక.

తొమ్మిదవ తరగతిలో నొకనాడు, “మీ యింట మెయిన్ స్విచ్చు ఎచ్చట నున్నది?” అని యడిగితిని. చేతు లెత్తినవారు నలుగురైదుగురే. తల్లిదండ్రులారా, ఈ నేరము పిల్లలది కాదు. ఈ సెలవులలో వారి నొక్క సాయంకాలము వెంట బెట్టుకొని యింటి చుట్టు తిరుగుడు.

మా తూర్పు గోడ బీటకు అడ్డముగా పెన్సిలుతో గీత గీసి, తేదీ వేసి, కొలుచుచున్నాను. ఇంకను పూడ్పింపలేదు. మొన్నటి వేసవిలో మామ్మగారు మా యింటికి వచ్చి, ఆ గోడపై అరచేయి పెట్టి కొంతసేపు నిలిచి, “గుంటలో నీళ్ళు పోస్తున్నారా?” అని యడిగిరి. నేను బదులు చెప్పులోపలనే మా చిన్నపిల్ల, “ప్రొద్దుటే పోశాను మామ్మగారూ” అనినది.