లాప్‌టాప్ చెవికి వినబడని దండోరా

పిల్లలూ! రౌటర్ దీపాలు వెలుగుతూనే ఉంటాయి. అమ్మ ఫోనులో ఇంటర్‌నెట్ వస్తూనే ఉంటుంది. లాప్‌టాప్ తెరిస్తే మాత్రం పక్కింటివాళ్ళ వైఫై పేర్లు నాలుగు కనిపిస్తాయి గాని, మన ఇంటి పేరు ఉండదు! "పాడైపోయింది, షాపుకి పట్టుకెళ్ళండి" అంటారు ఇంట్లో. అక్కడ ఫార్మాట్ చేశారంటే ఫొటోలూ, మీరు దాచుకున్న నోట్సూ తుడిచిపెట్టుకుపోవచ్చు. అంత తొందర వద్దంటాను నేను. ఇది మెకానిక్కు కన్నా ముందు సైన్సు విద్యార్థి చేయవలసిన పని.

పేరు కనబడీ కలవకపోవడం వేరు, అసలు పేరే కనబడకపోవడం వేరు. రౌటర్ సాధారణంగా సెకనుకు సుమారు 10 సార్లు తన పేరును రేడియో తరంగాల మీద చాటుతుంది. ఊళ్ళో దండోరా వేసినట్లన్నమాట. లాప్‌టాప్ తనకు వినబడిన పేర్లనే జాబితాలో చూపిస్తుంది. పాస్‌వర్డు అడగడం ఆ తరువాతి సంగతి. కనుక పేరే లేనప్పుడు పాస్‌వర్డు మార్చి ప్రయోజనం లేదు. దండోరా వేయడం లేదా, ఇక్కడిదాకా రావడం లేదా, ఈ చెవికి వినబడటం లేదా అన్నదే ప్రశ్న.

ఫోను సాక్ష్యాన్ని కూడా వెంటనే నమ్మకండి. అది సిమ్ డేటాతో నడుస్తూ ఉండవచ్చు! డేటా ఆపి చూడండి. అప్పుడూ వస్తే రౌటర్ చాటుతున్నట్టే. ఇక లాప్‌టాప్‌లో ఒక్క పేరూ లేకపోతే ఏరోప్లేన్ మోడ్‌ను, కీబోర్డు మీది వైఫై మీటను చూడండి. పక్కింటివి కనిపిస్తున్నాయంటే చెవి పనిచేస్తున్నట్టే. మరి మనదే ఎందుకు వినబడదు?

లాప్‌టాప్‌ను రౌటర్ పక్కకే తీసుకెళ్ళండి. అక్కడ పేరు కనబడితే దోషం దూరానిది, లేదా మధ్యనున్న గోడలది, ఇనుప బీరువాది. అక్కడా కనబడకపోతే అసలు తమాషా మొదలవుతుంది. ఇళ్ళలోని వైఫై ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు పట్టీలలో నడుస్తుంది. కాంతి వేగాన్ని, అంటే సెకనుకు 30 కోట్ల మీటర్లను, 240 కోట్లతో భాగించండి. తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు వస్తుంది. రెండవదానికి 6 సెంటీమీటర్లు. పాత లాప్‌టాప్‌లు చాలావాటికి మొదటి పట్టీ మాత్రమే వినబడుతుంది. రౌటర్ 5లోనే చాటుతుంటే, పక్కనే కూర్చోబెట్టినా వాటికి వినబడదు సుమా!

ఇంకో చిక్కుంది. 2.4 పట్టీలో మన దేశంలో 13 ఛానళ్ళు వాడతాం. అమెరికాలో సాధారణంగా 11 వరకే. అక్కడి నుంచి బాబాయి తెచ్చిన లాప్‌టాప్ అక్కడి పద్ధతిలోనే ఉంటే, 12, 13 ఛానళ్ళలోని పేరును చూపకపోవచ్చు. పెద్దలనడిగి రౌటర్‌ను 1, 6, 11లలో ఒకదానికి మార్చి చూడండి.

"అన్నీ ఆపి మళ్ళీ వెయ్యి" అనే వైద్యం మీకు తెలిసిందే. పనిచేస్తుంది కూడా. కాని రెండింటినీ ఒకేసారి ఆపి వేస్తే తప్పు దేనిదో ఎలా తెలుస్తుంది? అందుకే అది నాకు నచ్చదు. ముందు లాప్‌టాప్ ఒక్కటే ఆపి వేయండి, చూడండి, కాగితం మీద రాయండి. తరువాత రౌటర్. లాబొరేటరీలో ఒకసారికి ఒక్క అంశమే మారుస్తాం కదా! రౌటర్ వెనుక సన్న రంధ్రంలోని రీసెట్ మీటను మాత్రం గుచ్చకండి. దాని అమరికలన్నీ చెరిగిపోయి ఇల్లంతటికీ ఇంటర్‌నెట్ ఆగవచ్చు.

చివరగా ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి, దాన్ని 2.4 పట్టీలో ఉంచండి. లాప్‌టాప్‌కి అదీ, పక్కింటివీ ఏవీ కనబడకపోతే లోపలి వైఫై కార్డునో, దాన్ని నడిపే డ్రైవర్ అనే ప్రోగ్రామునో అనుమానించవచ్చు. అప్పుడు షాపుకి వెళ్ళండి. మీరు రాసిన కాగితం కూడా పట్టుకెళ్ళండి. ఫార్మాట్ చేస్తామంటే ఎందుకని అడగండి.