ఎండతో ఎరువు: ఆశయు, లెక్కయు

ఎరువు బస్తాకై సంఘము గుమ్మమునొద్ద వరుసలో నిలుచు కర్షకుని నెత్తిపై కాయు నెండయే యొకనాడు ఎరువును తయారుచేయగలదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఈ మాట విని నవ్వువారు కొందరు. వెంటనే డబ్బు సంచి విప్పువారు మరికొందరు. ఈ రెండును తగవని మా యభిప్రాయము.

యూరియాకు మూలము అమ్మోనియా. దానిని 1913లో జర్మనీలోని ఒప్పావు కర్మాగారమున మొదలైన పద్ధతిచేతనే, మిక్కుటమైన వేడిమితోను ఒత్తిడితోను, నేటికిని చేయుచున్నారు. దీనికి కావలసిన నత్రజని గాలిలో కొల్లగా నున్నది. ఉదజనిని మాత్రము ఎక్కువగా సహజవాయువునుండి తీయుచున్నారు. 2021లో మరల ఉత్పత్తి ప్రారంభించిన మన రామగుండము కర్మాగారమును ఆ వాయువుతోనే నడచునది. వాయువు ధర పెరిగినప్పుడు ఆ భారము ప్రభుత్వ బొక్కసముపైననో కర్షకునిపైననో పడక తప్పదు. నీటినుండియే ఎండచేత ఉదజనిని తీయగలిగినచో ఈ పరాధీనత చాలవరకు తొలగును.

అది సాధ్యమని 1972లో జపాను శాస్త్రజ్ఞులు ఫుజిషిమా, హోండాలు చూపిరి. గోడల తెల్లరంగులలో వాడు టిటానియము ఆక్సైడుపై వెలుగు పడినప్పుడు నీరు ఉదజనిగాను ప్రాణవాయువుగాను విడిపోయెను. ఇట్టి పదార్థములను అర్ధవాహకములందురు. వెలుగు తగులగానే వీనిలోని ఎలక్ట్రానులు లేచును. కాని పని జరుగకమునుపే చాలవరకు తిరిగి పడిపోవును. గట్టులేని మడిలో నీరు నిలువనట్లే యిదియు. ప్లాటినము వంటి లోహపు రేణువులను ఆ పొడికి అంటించినచో, అవి గట్టువలె ఎలక్ట్రానులను నిలిపి పనికి వినియోగించును. ఈ రేణువులను నానోమీటరులలో కొలుతురు. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షల వంతు. పెడ్డను చితుకగొట్టినకొలది నేలకు తడి తగులు చోటు పెరుగునట్లు, రేణువు చిన్నదైనకొలది వెలుగునకును నీటికిని తగులు తలము పెరుగును. టిటానియము ఆక్సైడు ఎండలో ఇరువదవ వంతు మాత్రమే యగు అతినీలలోహిత కిరణములనే గ్రహించును. బంగారు నానో రేణువులు కంటికి కనబడు వెలుగునుగూడ పట్టి కొంత శక్తిని దానికందించును.

ఇక లెక్క చూతము. 2021లో జపానువారు 100 చదరపు మీటరుల పలకలపై, రోడియము చేర్చిన స్ట్రాన్షియము టిటానేటుతో నీటిని విడదీసిరి. అందు ఎండశక్తిలో గరిష్ఠముగా 0.76 శాతము ఉదజనిగా మారెను. మన ప్రాంతమున చదరపు మీటరునకు దినమునకు 5 యూనిట్ల యెండ పడుననుకొని, ఏడాదికి 300 దినములు ఆ గరిష్ఠ ఫలితమే వచ్చుననుకొన్నను, అంత స్థలమునుండి వచ్చు ఉదజని సుమారు 35 కిలోలు. అదంతయు అమ్మోనియాయైనచో, అందలి నత్రజని 45 కిలోల యూరియా బస్తాలు ఎనిమిదింటిలోనిదానికి మించదు. రెండున్నర సెంట్ల స్థలమునకిది అల్పము కాదు. కాని రోడియము మిక్కిలి ప్రియమైన లోహము. ఉదజనియు ప్రాణవాయువును కలిసి పేలగలవు గనుక జాగ్రత్తగా వేరుచేయవలెను. పిదప అమ్మోనియా చేయుటకు వేడిమియు ఒత్తిడియు కావలసియే యున్నవి. ఈ లెక్క ఆశపడుటకు చాలును. అప్పుచేసి పెట్టుబడి పెట్టుటకు చాలదు.

గాలిలోని నత్రజనిని ఎండచేతనే నేరుగా అమ్మోనియాగా మార్చితిమను వాదములును కలవు. నేలలో ఎండవలన నత్రజని చేరునని అలహాబాదునందు నీలరత్న ధర్ 1930ల నాటినుండి వాదించిరి. ఇనుము చేర్చిన టిటానియము ఆక్సైడుతో 1977లో ష్రాజరు, గుత్ అనువారు అమ్మోనియాను చూపిరి. అయితే ఇట్టి ప్రయోగములలో దొరకునది అత్యల్పము. గాలినుండియు, పాత్రలనుండియు, మనుష్యుల యూపిరినుండియు చేరిన అమ్మోనియానే ఫలితమని పొరబడుట కలదు. బరువైన నత్రజనిని గుర్తుగా పంపి, అదియే అమ్మోనియాలో కనబడునా యని చూచుటయే తగిన పరీక్ష.

నానో యను పేరు గల ప్రతి సరకును ఇదియే యనుకొనరాదు. 2021లో ఇఫ్కోవారు విడుదల చేసిన నానో యూరియా ఆకులపై చల్లు ద్రవము. ఎండతో ఎరువు చేయునది కాదు.

క్రొత్తదానికి సహకార సంఘములే ముందుండవలెనని కొందరు సభ్యులందురు. ముందుండుట మంచిదే, కాని వాటాధనము పలువురు పేదల చెమట. ఎవరైనను ఇట్టి పొడితోనో పలకతోనో వచ్చినచో పాలకవర్గము మూడు ప్రశ్నలడుగవలెను: చదరపు మీటరునకు దినమునకు ఎంత దిగుబడి? ఎన్ని యేండ్లు నిలుచును? అందలి నత్రజని ఎక్కడిది? వీనికి కొలిచి చూపిన జవాబు లేనిదే ఒక్క రూపాయియు ఈయరాదు.

అదే సమయమున, ప్రజాధనముతో జరుగు పరిశోధన ఫలితములు అందరికిని అందునట్లు సంఘములు ప్రభుత్వమును కోరవలెను. ఈ విద్య పండిననాడు ఊరూర వెలయు చిన్న కర్మాగారములు కర్షకుల సంఘముల సొత్తు కావలెనేగాని, మరల మనము మరియొకరి గుమ్మమున వరుసలో నిలువరాదు. ఆనాటికై మన సభ్యులు ఇప్పటినుండియే ఈ విషయమును తెలిసికొనుచుండవలెనని కోరుచున్నాము.