ఎవరి దోవ ఇది?

మేకల్ని తోలుకుంటూ ఒక పెద్దాయన నా బండికి అడ్డం వచ్చాడు. అడ్డం వచ్చాడని మొదట విసుక్కున్నది నేనే. ఆయన ముఖం చూశాక తెలిసింది, అడ్డం పోయింది నేనని. ముందు క్వాడ్ బైకు మీదున్న గైడు కుర్రాడు చెయ్యెత్తాడు. వెనక నాలుగు బళ్లు గుర్రుగుర్రుమంటూ నిలబడ్డాయి. మేం ఆగినా మా దుమ్ము ఆగలేదు, పోయి మేకల మీద పడింది. పెద్దాయన తలగుడ్డ విప్పి మూతికి చుట్టుకుని, మమ్మల్ని వదిలేసి కుర్రాణ్ణి అడిగాడు:

"యాడికిరా వీళ్లను తోలుకోని పోతాండావు?"

"ఆఫ్‌రోడ్డు తాతా."

"అంటే?"

"దోవ లేని చోట బండి తోలేది."

ఆయన తన కాళ్లకింది నేల చూసుకున్నాడు. తాను దిగివచ్చిన వైపు ఒకసారి తిరిగి చూశాడు.

"మరి ఇదేందిరా?"

నన్ను కాదు అడిగింది. అయినా ఆ మాట నన్ను పట్టుకుని ఇంటిదాకా వచ్చింది.

అది ఎక్కడో చెప్పను, ఆ బళ్లు తిప్పేవాళ్ల పేరూ చెప్పను. మదనపల్లె దాటి కొండలవైపు పోయే దారిలో ఒకచోట అనుకోండి. బెంగళూరు నుంచి మూడు గంటల్లో వచ్చి వాలొచ్చు. నేనూ డబ్బు కట్టి, సంతకం పెట్టి, అంతకుముందు ఎవరి చెమటో పీల్చుకున్న హెల్మెట్ నెత్తిన పెట్టుకుని ఎక్కినవాణ్ణే. కాబట్టి ఇది శుద్ధుడి శాపనార్థం కాదు. కొండ కనిపించగానే ఇంజను గుర్తొచ్చే బుద్ధి ఒకటి మన మధ్య పెరుగుతోంది. నా కోపం దాని మీద.

'ఆఫ్‌రోడ్' అన్న మాటలోనే అబద్ధం ఉంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం కొండల్లో దోవ లేని జానెడు నేల చూపించండి. తారు లేకపోవచ్చు, పంచాయతీ లెక్కల్లో లేకపోవచ్చు. కానీ జీవాలు పోయే దోవ ఉంది. బోదగడ్డి కోసుకొచ్చే ఆడవాళ్ల దోవ ఉంది. సీతాఫలాల కాలంలో గంపలు దిగే దోవ ఉంది. బోయకొండ గంగమ్మకు మొక్కు తీర్చుకోవడానికి ఎక్కిన ముత్తాతల కాళ్లు వేసిన దోవలున్నాయి. వీటిలో ఒక్కటీ పొక్లెయిన్ వేసింది కాదు. ఒకే చోట అడుగు పడీ పడీ రాయి నునుపెక్కిన దోవలు. క్వాడ్ బైకు టూరు వాళ్లు 'ట్రైల్' అని అమ్ముతున్నది వీటినే. కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. ఉన్నదాన్ని లేదని చెప్పి టికెట్టు పెట్టారు.

ఇది మనకు కొత్త కూడా కాదు. ఇప్పటి హార్స్‌లీ కొండల్ని జనం ఏనుగు మల్లమ్మ కొండ అనేవారు. కొండమీద ఉన్న మల్లమ్మను ఏనుగులు సాకాయని కథ. కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యూ.డి. హార్స్‌లీ, ఎండ పడలేక 1870 ప్రాంతంలో పైన బంగళా కట్టుకున్నాడు. అంతే, మల్లమ్మ పోయి హార్స్‌లీ మిగిలాడు. ఒక మనిషి వేడి తట్టలేకపోతే ఒక కొండకు పేరే మారిపోయింది. దొర తీసుకున్నది పేరొక్కటే పాపం, దోవలు వదిలేశాడు. ఇప్పుడు వాటి వంతు వచ్చింది.

అసలు నష్టం మేకల దోవ దగ్గర ఆగిపోతే నేను ఇంత గొంతు చించుకునేవాణ్ణి కాదు. ఆ కొండల్లో అన్నిటికన్నా పాత దోవ నీళ్లది. ఇది సీమ. ఇక్కడ ఊరికి ముందు చెరువు పుట్టింది. కొండమీద పడ్డ చినుకు గడ్డి వేళ్లలో జారి, రాళ్ల సందుల్లో ఆగి, పిల్లవంకలో కలిసి, పెద్దవంకలో దిగి, చెరువుకు చేరుతుంది. ఆ చెరువు నిండితే మరవ పారి కింది చెరువు, అది నిండితే దాని కిందిది. ఈ గొలుసుకట్టు చెరువులకు మూలం పైనున్న ఆ పలచని మట్టిపొర. మన కొండలు నల్లమట్టి కుప్పలు కావు. లోపలంతా గ్రానైటు, పైన బెత్తెడు ఎర్రమట్టి, దాన్ని పట్టుకుని గడ్డి. ఆ బెత్తెడు తయారవడానికి వందల ఏళ్లు పట్టింది.

దాని మీద మూడు క్వింటాళ్లకు అటూ ఇటూ తూగే బండిని, పైన మనిషిని కూర్చోబెట్టి, ఎత్తు ఎక్కిస్తాం. చక్రం జారిందా, యాక్సిలరేటరు ఇంకా నొక్కమంటాడు గైడు. జారిన చక్రం ఏం చేస్తుంది? గడ్డి పెకలిస్తుంది, మట్టి విసురుతుంది, కింద మిగిలినదాన్ని అణగదొక్కి నీరు ఇంకకుండా గట్టిచేస్తుంది. పక్కరోజు మళ్లీ అదే గాడిలో ఇంకో పది బళ్లు. ఆశ్వయుజంలో వాన ఒక్క పూటలో దబదబా దంచి పోయే ప్రాంతం ఇది. ఆ రోజు నీటికి రెండు గాళ్లు సిద్ధంగా దొరుకుతాయి. వంకలోకి మెల్లగా నడవాల్సిన నీరు ఆ గాళ్లలో పరుగు తీస్తుంది. గాడి గండి అవుతుంది. కొండ మట్టి చెరువులో మేట వేస్తుంది. తరవాత పూడిక తీయడానికి మనమే టెండర్లు పిలుస్తాం.

ఈ మాట కుప్పంలో అంటే ఇంకా మండుతుంది. 2025 ఆగస్టు 30న కుప్పం దగ్గర పరమసముద్రం చెరువులోకి కృష్ణా నీళ్లు వచ్చాయి. ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు, కుప్పం ఎమ్మెల్యే కూడా ఆయనే, వచ్చి హారతి పట్టారు. శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా కాలువల్లో 700 కిలోమీటర్లకు పైగా, ఎత్తిపోతల మీద ఎత్తిపోతలుగా కరెంటు తాగుతూ వచ్చిన నీరు అది. వచ్చినందుకు జనం ఏడ్చారంటే ఏడవరా? నేనూ సంతోషించాను. కానీ అక్కడెక్కడి నుంచో మోటార్లు పెట్టి ఎక్కించుకుంటున్న నీటికి హారతి పట్టి, నెత్తిమీది కొండ నుంచి ఊరికే దిగివచ్చే నీటి దోవను గంట లెక్కన అద్దెకివ్వడం ఏం తెలివి?

మట్టిని నిలబెట్టడం ఎంత కష్టమో తెలియాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పేరుతో ముడిపడిన రిషివ్యాలీ బడి అక్కడికి దగ్గరే. బోడిగా ఉన్న ఆ లోయలో బడివాళ్లు దశాబ్దాలపాటు చెట్లు నాటి, ఇంకుడు చెరువు తవ్వి, గుట్టల్ని పచ్చబరిచారు. 1991లో దాన్ని పక్షుల రక్షణ స్థలంగా ప్రకటించుకున్నారు. పసుపు గొంతు పికిలిపిట్ట అక్కడ కనిపిస్తుంది. దక్షిణ భారతంలోని రాతిగుట్టల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని పిట్ట. గుండ్ల మధ్య పొదల్లో, సిగ్గరిగా ఉంటుంది. దాన్ని చూడాలంటే గంటసేపు నోరుమూసుకుని కూర్చోవాలి. మా టూరులో మేం చూసిన పిట్టలెన్నో చెప్పమంటారా? సున్నా. ఇంజను ఆపితే ఒక కాకి.

ఇక్కడ గైడు సంగతి చెప్పాలి. 'గైడెడ్ టూర్' అని బోర్డు మీద రాశారు. ఆ కుర్రాడికి ఆ కొండలో ప్రతి గుండూ తెలుసు, ఏ చెట్టు బెరడు దేనికి పనికొస్తుందో తెలుసు, మధ్యలో ఆగినప్పుడు మాటల్లో పడితే నాకు అర్థమైంది. కానీ అతనికి ఇచ్చిన పని వేరే. బ్రేకు ఇది, యాక్సిలరేటరు ఇది, నా వెనకే రండి, ఫొటో ఇక్కడ. కొండ తెలిసిన మనిషిని పెట్టుకుని, కొండ గురించి ఒక్క ముక్క చెప్పనివ్వకుండా, చప్పుడుతో వాడి నోరు కట్టేశారు.

ఉపాధి కదా అంటారు. అవును, ఈ ప్రశ్నను దాటేయకూడదు. టమాటా ధర పడిపోయి మదనపల్లె మార్కెట్ బయట పారబోసి ఇంటికి పోయిన రైతు కొడుక్కి నెల జీతం వస్తుంటే వద్దనడానికి నేనెవర్ని? అందుకే అడిగాను. నేను అరగంటకు కట్టిన డబ్బు అతని మూడు రోజుల కూలి. మిగతాది బండికి, పెట్రోలుకు, యజమానికి. అదే కుర్రాడు పదిమందిని తెల్లవారుజామున నడిపించి, గుండ్లూ పిట్టలూ చూపించి, మల్లమ్మ కథ చెప్పి, వాళ్లమ్మ చేసిన సంగటీ ఊరిబిండీ పెట్టి పంపితే ఆ డబ్బంతా ఊళ్లోనే ఉంటుంది. బండి కొనే పెట్టుబడి ఉన్నవాడికే బండి టూరు లాభం. కాళ్లు అందరికీ ఉన్నాయి.

నడవలేని వాళ్లకో? హార్స్‌లీ కొండల పైదాకా బస్సు వెళ్లే తారురోడ్డు ఉంది. గాలిబండ మీద నిలబడి గాలి తినడానికి ఎవరికీ క్వాడ్ బైకు అక్కర్లేదు. గాలి అంటే గుర్తొచ్చింది. వందేళ్ల కిందట క్షయ రోగుల్ని మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం తీసుకొచ్చి శానిటోరియంలో పడుకోబెట్టింది ఈ గాలి కోసమే. టూరు మొదలయ్యే ముందు నాకు ముక్కుకు కట్టుకోమని ఒక గుడ్డ ఇచ్చారు.

ఇక చట్టం. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా అడుగుపెట్టినా, జీవాల్ని మేపినా నేరమే. మేకలవాడికి ఈ చట్టం నోటికొచ్చు, జరిమానా కట్టి కట్టి. మేక గడ్డి తింటే అడవి పాడవుతుందని ఉపన్యాసం చెప్పే నోళ్లు, మందపాటి రబ్బరు చక్రం ఆ గడ్డిని వేళ్లతో సహా లేపేస్తుంటే 'ఎకో టూరిజం' అంటున్నాయి. మోటారు వాహనాల చట్టం మాటకొస్తే, రిజిస్ట్రేషన్, థర్డ్ పార్టీ బీమా లేని బండి బహిరంగ స్థలంలో తిరగకూడదని 1988 నుంచీ రాసే ఉంది. వినోదానికి తెచ్చే ఈ బళ్లలో చాలావాటికి నంబరు ప్లేటే ఉండదు. మేం ఊరి రోడ్డు దాటి కొండ ఎక్కాం. ఆ రోడ్డు మీద స్కూలు పిల్లలు నడిచిపోతున్నారు.

పైగా అది సాధువైన యంత్రం కాదు. నాలుగు చక్రాలున్నాయి కదా, పడదులే అనిపిస్తుంది. పడుతుంది. ఎత్తు ఎక్కువ, వెడల్పు తక్కువ, వాలులో తిరగబడితే బండి మీద మనిషి ఉండడు, మనిషి మీద బండి ఉంటుంది. ఆస్ట్రేలియా పొలాల్లో రైతులు వీటికింద నలిగి చనిపోతుంటే చూసి చూసి, బోల్తాపడ్డప్పుడు కాపాడే చట్రం లేకుండా కొత్త క్వాడ్ బైకు అమ్మకూడదని 2021 అక్టోబరు నుంచి అక్కడ నిబంధన పెట్టారు. పదహారేళ్ల లోపు పిల్లలు పెద్దల బండి ఎక్కకూడదని అమెరికాలో వినియోగ వస్తువుల భద్రతా సంస్థ చెబుతుంది. మా వరసలో మూడో బండి మీద ఒక తండ్రి తన పదేళ్ల కొడుకుని ముందు కూర్చోబెట్టుకుని యాక్సిలరేటరు వాడి బొటనవేలికే అప్పగించాడు. మాకిచ్చిన శిక్షణ ఐదు నిమిషాలు. నా చేత పెట్టించుకున్న సంతకం మాత్రం ఒక పేజీ కింద.

కుప్పం, పలమనేరు వైపు ఇదే సరదా పాకితే? అక్కడి అడవుల్లోకి 1980లలో పక్క రాష్ట్రాల నుంచి ఏనుగులు దిగాయి, కొన్ని నిలబడిపోయాయి. 1990లో 357 చదరపు కిలోమీటర్లకు పైగా కౌండిన్య అభయారణ్యం ప్రకటించింది వాటికోసమే. పంట తొక్కుతున్నాయి, మనుషుల్ని చంపుతున్నాయి, కరెంటు తీగలకు అవీ చస్తున్నాయి. ఆ గుంపుల్ని మళ్లించడానికి 2025 మేలో కర్ణాటకను అడిగి, శిక్షణ పొందిన కుంకీ ఏనుగుల్ని తెచ్చుకున్నాం. ఏనుగు చెవితోనే కాదు, నేలలో వచ్చే అదురును పాదాలతోనూ వింటుంది. సాయంత్రం గుట్ట అవతల పది ఇంజన్లు గర్జిస్తే అది ఎటు తిరుగుతుంది? రిసార్టు వైపు రాదు. చీకట్లో టమాటా తోటకు నీళ్లు కట్టుకుంటున్న వాడి వైపు వస్తుంది.

పుంగనూరు ఆవును చూసి కూడా మనకు సిగ్గు రాలేదు. మూడడుగుల ఎత్తు, పెద్దది అయినా రెండు క్వింటాళ్లు దాటదు. ఎండిన గడ్డి నాలుగు పరకలు కొరికి చిక్కటి పాలిస్తుంది. నీరు తక్కువ, గడ్డి తక్కువ, రాయి ఎక్కువ అని ఆ నేల చెప్పిన మాట విని తన ఒళ్లు తగ్గించుకున్న జాతి అది. 2024 సంక్రాంతికి ప్రధాని తన ఇంట్లో వాటికి మేత పెట్టిన ఫొటో వచ్చాక నగరాల్లో డ్రాయింగ్ రూముల్లోకి కొనుక్కుపోతున్నారు. ఆవును హాల్లోకి, ఇంజన్ని కొండమీదికి.

తోలాలని అంత దురదగా ఉంటే బండి తోలుకోండి, నేను వద్దనను. కుప్పం చుట్టూ గ్రానైటు తీసేసి వదిలిన క్వారీల పక్క రాళ్లగుట్టలు, బయళ్లు ఉన్నాయి. అక్కడ ఇక పాడుచేయడానికి గడ్డీ లేదు, వంకా లేదు. కంచె వేసి, చట్రం ఉన్న బళ్లు పెట్టి, బీమా కట్టి తిప్పుకోండి. దాన్ని ఎవరూ కొనరని ఒక పెద్దమనిషి నాతో అన్నాడు. 'వ్యూ' ఉండదట. చూశారా, బండి సరదా కాదు వాళ్లు అమ్మేది. పచ్చగా ఉన్నదాన్ని తొక్కే సరదా అమ్ముతున్నారు.

టూరు అయ్యాక కాసేపు అక్కడే కూర్చున్నాను. గైడు కుర్రాడు పైపు పెట్టి బళ్లు కడుగుతున్నాడు. టాంకరు నీళ్లు. ఎర్రగా కారి రోడ్డువారగా పోతున్నాయి. మీ ఇంట్లో జీవాలున్నాయా అని అడిగాను.

"ఉండాయి సార్. మా యమ్మ తోల్తాది. పాత దోవలో గాళ్లు పడి కాలు మడతపడతాండాదని, పక్కన కొత్త దోవ ఏసుకునింది."

మరి వచ్చే ఆదివారం టూరు ఏ దోవలో అన్నాను.

వాడు పైపు కట్టేసి, చేతులు తుడుచుకుని చెప్పాడు. "ఆ కొత్త దోవలోనే సార్. పాతదాన్లో బండ్లు గూడా పోవడం లే."