కలివి కోడికి గండం మనమా, ఊరకుక్కలా?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల హాస్టళ్ళలో ఉన్న మన ఎరుకల, యానాది, సుగాలి తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, కొంచెం పొడుగైనా చివరిదాకా చదవండి.

1900 తర్వాత కనబడక, ఇక లేదనుకున్న కలివి కోడి 1986 జనవరిలో మన జిల్లాలోనే, లంకమల పక్కన రెడ్డిపల్లె దగ్గర దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పేరొచ్చింది. మంచిదే. కానీ దాన్ని పట్టిచ్చింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. ఆ పేరు మనలో ఎంతమందికి తెలుసు?

తర్వాత శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. కట్టెలకు పోయినా, తేనెకు పోయినా మనల్నే దొంగల్లా చూసే రోజులొచ్చినాయి. మరి ఊరకుక్కల గుంపు లోపలికి పోతే అడిగేవాడు యాడున్నాడు?

కుక్క అడవి జంతువు కాదు. మనిషి వెంట వచ్చింది, మనిషి పారేసింది తిని బలిసింది. కోడి అంగళ్ళ వ్యర్థాలు ఊరి బయట పోస్తే అక్కడే గుంపులు తయారవుతాయి. కలివి కోడి జాతి పిట్టలు నేలమీదే గుడ్లు పెడతాయి. రాత్రిపూట ముళ్ళపొదల మధ్య తిరిగే పిట్టకు వాసన పట్టే కుక్క ఎంత గండమో చెప్పాలా? రాజస్థాన్‌లో బట్టమేక పిట్ట గుడ్ల కోసం అటవీ శాఖే కుక్కలు దూరకుండా కంచెలు కట్టింది.

‘అయితే మందు పెట్టి చంపేద్దాం’ అనేవాళ్ళూ ఉన్నారు. తప్పు. అది నేరం. పైగా ఆ విషం నక్కకూ, గద్దకూ పోతుంది. 2023 ఏబీసీ రూల్స్ ప్రకారం కుక్కలకు ఆపరేషన్, టీకా చేయించే బాధ్యత స్థానిక సంస్థలది. కానీ ఆపరేషన్ చేసి మళ్ళీ అక్కడే వదిలితే అది వేటాడటం మానదు కదా? అందుకే ముందు తిండి ఆపాలి. అడవి అంచు పల్లెల్లో వ్యర్థాలు పోయడం బంద్ కావాలి.

ఇంకోటి, నొప్పి పుట్టినా చెప్తా. మనోళ్ళు కూడా వేటకుక్కల్ని అడవిలోకి తోలుకుపోతారు. మనం మారకుండా ఎదుటోణ్ణి అడిగే హక్కు రాదు. రాత్రి కట్టేసుకుందాం.

కలివి కోడి జాడ కోసం పరిశోధకులు మెత్తటి మట్టి పట్టీలు పరిచి అడుగులు వెతికినారు. అదే మట్టిలో కుక్క అడుగు కూడా పడుతుంది. అడుగు చూసి జంతువును చెప్పే విద్య మన తాతలది. ఆ లెక్క తీసే పని జీతమిచ్చి మన పిల్లలకే ఇవ్వాలి. పిట్టను వెతకడానికి పనికొచ్చినోళ్ళం, కాపాడటానికి పనికిరామా?

మీ ఊరి దగ్గర వ్యర్థాలు యాడ పోస్తున్నారో కింద రాయండి. అన్నీ కలిపి అర్జీ పెడదాం.